ఆడరాని చోటు: గోల్ఫ్ నియమావళిలో వెసులుబాటు భావన – గోల్కొండ, పాలమూరు, నల్లగొండ రక్షితస్థలాల నేపథ్యం

వ్యాససంగ్రహం: రక్షిత స్థలంలో బంతి పడినప్పుడు ఆటగాడు ఏం చేయాలన్న విషయంలో గోల్ఫ్ నియమావళికి 1744 నుంచి ఒక స్పష్టమైన ఆలోచన ఉంది. స్థలం కదలదు, బంతి కదులుతుంది, చాలా సందర్భాల్లో ఆటగాడికి నష్టం ఉండదు. ఈ ఆలోచన ఎలా ఏర్పడిందో, గోల్కొండ నయాఖిల్లాలో అది ఎంతవరకు పనికివస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే ప్రశ్నను దక్షిణ తెలంగాణలోని కృష్ణాతీర ఆలయాలు, నల్లమల, పిల్లలమర్రి విషయంలో అడుగుతుంది.

కీలకపదాలు: గోల్ఫ్ నియమావళి, వెసులుబాటు, ఆడరాని చోటు, నయాఖిల్లా, ఏలేశ్వరం, కూడవెల్లి, అమ్రాబాద్, పిల్లలమర్రి.

ఉపోద్ఘాతం

తెలుగు శాఖలో పనిచేసేవారికి గోల్ఫ్‌తో పనేమిటన్న సందేహం సహజమే. ఒక ఆట నియమావళి కూడా ఒక వాఙ్మయమే. అందులో ఎల్లలు ఉంటాయి, నిషేధాలు ఉంటాయి, అతిక్రమిస్తే ఏమవుతుందో ఉంటుంది. దానశాసనాలు చదివిన కంటికి ఈ మూడూ పరిచయమైనవే. శాసనం కూడా ముందు ఎల్లలు చెబుతుంది: తూర్పున వాగు, దక్షిణాన చింతచెట్టు, పడమట పుట్ట, ఉత్తరాన గుండు. తరువాత ఆ భూమి ఎవరికి చెందుతుందో చెబుతుంది. చివర దాన్ని అపహరించినవాడికి కలిగే పాపం చెబుతుంది. పానగల్లు రాజధానిగా నేటి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలను ఏలిన కందూరు చోడుల కాలపు శాసనాలకూ ఈ క్రమం కొత్త కాదు. అయితే శాసనకర్త శాపంతో ఆగిపోతాడు. తెలియక ఎల్ల దాటినవాడు వెనక్కి ఎలా రావాలో, వచ్చాక ఎక్కడ నిలబడాలో అతడు చెప్పడు. గోల్ఫ్ నియమావళి చెబుతుంది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ తేడాయే.

లీత్ మైదానం: పదమూడో సూత్రం

గోల్ఫ్‌కు లిఖిత నియమాలు మొదటిసారి 1744లో ఏర్పడ్డాయి. ఎడిన్‌బరో నగరపాలకులు ఒక వెండి గోల్ఫ్ కర్రను బహుమతిగా ప్రకటించడంతో, లీత్ మైదానంలో పోటీ జరపడానికి అక్కడి గోల్ఫ్ పెద్దమనుషులు పదమూడు సూత్రాలు రాసుకున్నారు. ఆ పోటీలో గెలిచినవాడు జాన్ రాట్రే అనే శస్త్రవైద్యుడు. మైదానంలో అప్పుడు ఉన్నవి ఐదు గుంతలే.

మనకు కావలసింది ఆ పదమూడో సూత్రం. మైదానాన్ని కాపాడడానికి తవ్విన కందకం, కాలువ, వేసిన కట్ట, విద్యార్థుల గుంతలు, సైనికుల లైన్లు – వీటిని ఆటలోని అవరోధాలుగా లెక్కించకూడదని అది చెబుతుంది. బంతి వాటిలో పడితే బయటికి తీసి, చిన్న మట్టిగుబ్బ మీద నిలిపి, ఇనుప తల ఉన్న కర్రతోనే కొట్టాలి. ఇందులో మూడు సంగతులు గమనించదగ్గవి. మొదటిది, ప్రకృతి పెట్టిన అడ్డంకికీ, మనిషి ఒక ప్రయోజనం కోసం ఏర్పరచినదానికీ మధ్య గీత గీశారు. ఇసుకలో పడితే నీ ఖర్మ. కాపుదల కట్టలో పడితే నీ తప్పు కాదు. రెండవది, మైదానం గోల్ఫర్లది మాత్రమే కాదన్న ఒప్పుకోలు. విద్యార్థులు, సైనికులు కూడా ఆ నేలను వాడుకునేవారే. వారి జాడలు ఆటకు లోబడవు. మూడవది, వెసులుబాటు పూర్తి కానుక కాదు. ఇనుప కర్రతోనే కొట్టాలన్న షరతు ఉంది. అంటే జరిమానా లేదు కాని, ఆ అవకాశాన్ని లాభంగా మార్చుకోనివ్వరు.

లీత్ మైదానం మామూలు పచ్చిక బయలు కాదు. 1560లో లీత్ పట్టణం ముట్టడికి గురైంది. ఆనాడు ఫిరంగులు నిలిపిన దిబ్బలని చెప్పే రెండు మట్టిమెరకలు అక్కడ నేటికీ ఉన్నాయి. వాటికి రక్షిత స్థలాలుగా గుర్తింపు ఉంది. గోల్ఫ్ లిఖిత నియమం పుట్టిన నేల ఒక యుద్ధభూమి అన్నమాట. ఈ సంగతి గోల్కొండ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

2019 నియమావళి: ఆడరాని చోటు

తరువాతి రెండు శతాబ్దాల్లో నియమాలు పెరిగాయి, చీలాయి, మళ్లీ కలిశాయి. సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి 1952లో ఉమ్మడి నియమావళి తెచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం చివరికి పర్యావరణం ఒక ప్రశ్నగా ముందుకు వచ్చింది. ఏదైనా ప్రభుత్వ సంస్థ వంటి అధికారం పర్యావరణ కారణాలతో ఒక భాగంలోకి ప్రవేశాన్నిగాని ఆటనుగాని నిషేధిస్తే, క్లబ్బు కమిటీ దానికి తగిన స్థానిక నియమం చేసుకునేది. 2019 జనవరి 1 నుంచి అమలైన సంస్కరణలో 34 నియమాలు 24కు తగ్గాయి. నిషేధిత భాగాలన్నిటికీ ఒకే పేరు వచ్చింది. దాన్నే ఇక్కడ ‘ఆడరాని చోటు’ అంటున్నాను.

ఆడరాని చోటును ప్రకటించే అధికారం కమిటీది. కారణాలుగా నియమావళి పేర్కొన్నవి విస్తృతంగానే ఉన్నాయి: వన్యప్రాణులు, వాటి ఆవాసాలు, సున్నితమైన పర్యావరణ భాగాలు, లేత చెట్లు, పూలమడులు, కొత్తగా పరచిన పచ్చిక, ఆటగాళ్ల భద్రత, చారిత్రక, సాంస్కృతిక ప్రాధాన్యం ఉన్న స్థలాల పరిరక్షణ. చివరి కారణం మన దేశానికి బాగా వర్తిస్తుంది. దిల్లీ గోల్ఫ్ క్లబ్బు మైదానంలోనే లాల్ బంగ్లా వంటి సమాధి కట్టడాలు ఉన్నాయి. బ్రిటిష్ దీవుల వెలుపల అత్యంత పాతదైన గోల్ఫ్ క్లబ్బు 1829లో కలకత్తాలో వెలసింది. అంటే మన నేల మీద ఈ ఆట చరిత్ర కూడా చిన్నదేమీ కాదు.

విధానం ఇలా ఉంటుంది. ఆడరాని చోటు సాధారణంగా దెబ్బతిన్న నేల వంటి అసాధారణ స్థితిగల భాగంలో ఉంటే, అక్కడ పడిన బంతిని ఉన్నచోటనుంచి కొట్టరాదు. ఆటగాడు తప్పనిసరిగా వెసులుబాటు తీసుకోవాలి. ఆ అడ్డంకి పూర్తిగా తొలగే అతి సమీప బిందువును గుర్తించి, అక్కడినుంచి ఒక కర్ర పొడవు లోపల, గుంతకు మరింత దగ్గర కాకుండా, మోకాలి ఎత్తునుంచి బంతిని జారవిడవాలి. జరిమానా లేదు. బంతి బయటే ఉండి, ఆటగాడు నిలబడే చోటుకుగాని కర్ర ఊపే మేరకుగాని ఆడరాని చోటు అడ్డు వచ్చినా అదే విధి. లోపల పడిందని రూఢిగా తెలిసి కనిపించకపోతే వెతకడానికి చొరబడనక్కర్లేదు. బంతి ఎల్ల దాటిన చోటును అంచనా వేసుకుని మరో బంతితో ఆడవచ్చు. ఇదంతా కాదని లోపలినుంచి కొడితే రెండు దెబ్బల జరిమానా, లేదా ముఖాముఖి పోటీలో ఆ గుంత ఓటమి. ఆడరాని చోటు నీటిగుంట వంటి జరిమానా ప్రాంతంలో ఉంటే మాత్రం మామూలుగా ఒక దెబ్బ జరిమానాతో బయటికి రావాలి. ఎందుకంటే అక్కడ పడడం ఆట లెక్కలో ఎలాగూ నష్టమే.

ఇక్కడ ‘తప్పనిసరిగా’ అన్న మాట అసలైనది. మిగతా చాలా సందర్భాల్లో వెసులుబాటు ఆటగాడి ఇష్టం. ఇక్కడ అది విధి. హక్కుగా మొదలైనది బాధ్యతగా మారింది. అయినా ఆ బాధ్యత నెరవేర్చినందుకు ఆటగాడు ఏమీ కోల్పోడు. నిషేధం నిలబడడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. వెనక్కి తగ్గినవాడు నష్టపోయే చోట కంచెలు ఎక్కువ కాలం నిలవవు.

పేరు గురించి ఒక మాట

‘రిలీఫ్’ను తెలుగులో ఏమనాలి? ఉపశమనం అంటే రోగం, బాధ గుర్తుకు వస్తాయి. మినహాయింపు అంటే నియమం వర్తించకపోవడం. ఇక్కడ నియమం గట్టిగా వర్తిస్తోంది. పైగా పాలమూరులో ‘రిలీఫ్’ అన్న మాట గోల్ఫ్ ద్వారా రాలేదు. కరువు సంవత్సరాల్లో గవర్నమెంటు పెట్టిన మట్టిపనుల ద్వారా వచ్చింది. తట్ట మోసి గింజలు తెచ్చుకున్న తరానికి ఆ మాట అర్థం వేరు. అందుకే చిక్కులోంచి బయటపడే సందు అన్న వాడుక అర్థంలో ‘వెసులుబాటు’ను ఎంచుకున్నాను. చిర్రగోనె ఆడుతూ పెరిగినవారికి ఈ భావం కొత్త కాదు. చిర్ర ముళ్లకంపలోనో, ఎవరి పంటచేనులోనో పడితే ఇరుపక్షాలూ ఒప్పుకుని దాన్ని బయటికి తెచ్చి ఆడించడం మా పల్లెల్లో మామూలే. రాతలోకి ఎక్కలేదు కాని, అదీ నియమమే.

నయాఖిల్లా

ఈ నియమానికి తెలుగునేల మీద అతి దగ్గరి సందర్భం గోల్కొండ నయాఖిల్లా. 1656లో దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. కోటకు ఈశాన్యాన ఉన్న మెరక శత్రువు ఫిరంగులకు అనువైన చోటని అప్పుడు తేలింది. సంధి కుదిరి సైన్యం వెనుదిరిగాక అబ్దుల్లా కుతుబ్‌షా ఆ మెరకను కొత్త గోడతో చుట్టి కోటలో కలిపాడు. అదే నయాఖిల్లా. 1687లో మళ్లీ ముట్టడి వచ్చింది. సుమారు ఎనిమిది నెలలు నిలిచిన కోట ఆ సెప్టెంబరులో పడిపోయింది. లీత్‌లో ఫిరంగిదిబ్బ పక్కన గోల్ఫ్ నియమం పుట్టింది. ఫిరంగులకు దక్కకూడదని గోడ కట్టిన మెరక మీద గోల్కొండలో గోల్ఫ్ మైదానం వచ్చింది. ఇది కాకతాళీయమే, కాని కోటల చుట్టూ ఖాళీ ఉంచిన నేలలు తరువాతి కాలంలో ఆటస్థలాలుగా మారడం మాత్రం తరచూ జరిగేదే.

నయాఖిల్లా లోపల ఉన్నవి తక్కువేమీ కావు. ముస్తఫాఖాన్ మసీదు, దక్కనీ కవి ముల్లా ఖయాలీ పేరుతో ఉన్న మసీదు, బురుజులు, హతియాన్ కా ఝాడ్ అనే ఆఫ్రికా జాతి బవోబాబ్ వృక్షం ఉన్నాయి. అరబ్బు వర్తకులు ఆ చెట్టును కుతుబ్‌షాహీ సుల్తానుకు కానుకగా తెచ్చారని జనశ్రుతి. పురావస్తు సర్వేక్షణ శాఖ తవ్వకాల్లో ఆ కాలపు తోట ఆనవాళ్లు, నీటి కాలువలు బయటపడ్డాయి. మల్కిభరాముడిగా తెలుగు కవులు కీర్తించిన ఇబ్రహీం కుతుబ్‌షా వంశీకుల తోటలంటే మన సాహిత్య చరిత్రకు పరాయివి కావు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆ ఇబ్రహీంకే.

ఈ నేల మీద హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానం వచ్చినప్పటినుంచి వారసత్వ పరిరక్షకుల అభ్యంతరాలు వినిపిస్తూనే ఉన్నాయి. రక్షిత కట్టడం ఆవరణలో మట్టి ఎత్తిపోయడం, పచ్చిక పెంచడం, నీరు పెట్టడం, మామూలు సందర్శకుడికి మసీదుల దాకా, చెట్టు దాకా దారి కష్టం కావడం వారి ఫిర్యాదులు. ఆటకు అనుకూలంగా మాట్లాడేవారికీ ఒక వాదం ఉంది. మైదానం లేకపోతే ఆ ఖాళీ నేలను ఆక్రమణలు మింగేవని వారంటారు. నగరం చుట్టూ చెరువులకు, గుట్టలకు పట్టిన గతి చూసినవారు ఈ మాటను పూర్తిగా కొట్టివేయలేరు.

ఆడరాని చోటు నియమం ఇక్కడ ఎంతవరకు పనికివస్తుంది? కట్టడం చుట్టూ, చెట్టు చుట్టూ, తవ్విన కాలువల చుట్టూ ఎల్ల గీసి ఆటను అడ్డగించడానికి 2019 నియమావళి కమిటీకి కావలసినంత అధికారం ఇచ్చింది. చారిత్రక స్థలమన్న ఒక్క కారణం చాలు. కాని ఆ నియమం బంతిని, కర్రను, ఆటగాడి నిలకడను మాత్రమే చూస్తుంది. బుల్‌డోజరును, నీటి గొట్టాన్ని, ఎరువును చూడదు. మైదానం ఎక్కడ ఉండాలన్నది నియమావళికి బయటి ప్రశ్న. ఆ ప్రశ్నకు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దాని 2010 సవరణ జవాబు చెప్పాలి. సవరణ ప్రకారం రక్షిత కట్టడం ఎల్లనుంచి 100 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రితం. ఈ చట్టం ఎల్లలను మీటర్లలో చెబుతుంది, శిక్షలూ చెబుతుంది. ఎల్ల లోపల తరతరాలుగా ఇల్లు కట్టుకుని ఉన్న పేదవాడు ఎక్కడికి జరగాలి, జరిగితే ఏమీ పోగొట్టుకోకుండా ఎలా జరగాలి అన్నది మాత్రం చెప్పదు. ఆ విషయంలో అది దానశాసనానికి దగ్గర, లీత్ సూత్రానికి దూరం.

కృష్ణాతీరం: జరిగింది ఎవరు?

గోల్ఫ్‌లో జరగవలసింది బంతి. కృష్ణానది పొడవునా మన రెండు జిల్లాల్లో జరిగినవి గుళ్లు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కుడిగట్టున నాగార్జునకొండ తవ్వకాలు ప్రపంచానికి తెలిసినవే. అక్కడి కట్టడాలను కొండమీదికి చేర్చి తిరిగి నిలిపారు. ఎడమగట్టున, నల్లగొండ జిల్లాలో, ఏలేశ్వరం ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ బృహత్ శిలాసమాధుల కాలంనుంచి మధ్యయుగాల దాకా ఆధారాలు వెలికితీసింది. ఊరు నీట మునిగింది. నాగార్జునకొండకు వచ్చిన పేరులో పదోవంతు కూడా ఏలేశ్వరానికి రాలేదు. తెలంగాణ చరిత్ర పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కుతున్న చోటు నేటికీ చాలదని నా ఫిర్యాదు.

శ్రీశైలం ప్రాజెక్టు కింద ఇంకా ఎక్కువ జరిగింది. కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సోమశిల, జటప్రోలు ఆలయాలదీ అదే దారి. ఇంజనీర్లు, స్థపతులు చేసిన పని చిన్నది కాదు. చేయకపోతే అవి ఇవాళ నీటి అడుగున ఉండేవి. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పరిశోధకుడికి ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. శాసనం ‘ఈ’ రేవు, ‘ఈ’ చెరువు, గుడికి తూర్పున అంటుంది. రాయి కదిలాక ఆ ‘ఈ’ దేన్ని చూపుతుంది? సంగమేశ్వరుడన్న పేరులోనే సంగమం ఉంది. ఇప్పుడు ఆ గుడి సంగమం దగ్గర లేదు. నియమావళి భాషలో చెప్పాలంటే గుడిని ఎత్తి, సమీప బిందువులో దించారు. నది ఆడే ఆట అలాగే సాగింది.

గుళ్లకు అంకెలు వేసి రాళ్లు మోశారు. మనుషులకు ఆ మాత్రం శ్రద్ధ దక్కలేదు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ముంపు గ్రామాలవారు 1981 ప్రాంతంలో ఊళ్లు విడవవలసి వచ్చిన తీరు ఆ తరం జ్ఞాపకాల్లో ఇంకా పచ్చిగానే ఉంది. వెనక్కి తగ్గినవాడు నష్టపోకూడదన్న సూత్రాన్ని అక్కడ ఎవరూ పాటించలేదు.

నల్లమల

నల్లమలలో ప్రశ్న తిరగబడుతుంది. నేటి నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో స్థలం రక్షితం. అక్కడ పుట్టిపెరిగిన చెంచులు కదలాలన్న ప్రతిపాదనలు వస్తుంటాయి. 2019లో అదే అడవిలో యురేనియం అన్వేషణ ప్రయత్నాలపై పెద్ద ఆందోళన నడిచింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. బయటినుంచి వచ్చిన యంత్రాన్ని ఎల్ల దగ్గర ఆపాలన్నది సులువుగా అర్థమయ్యే న్యాయం. చెంచు పెంట విషయంలో అదే నియమాన్ని వర్తింపజేయడం అన్యాయం. చెంచు అక్కడికి వచ్చి పడిన బంతి కాడు. లీత్ సూత్రంలోని విద్యార్థులు, సైనికుల వంటివాడు, ఆటకన్నా ముందే ఆ నేలను వాడుకుంటున్నవాడు. 2006 అటవీహక్కుల చట్టం ఈ తేడాను గుర్తించింది. వన్యప్రాణుల కీలక ఆవాసంనుంచి ఎవరినైనా తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా సమ్మతించాలి. కొత్త చోట జీవనోపాధికి భద్రత సిద్ధంగా ఉండాలి. కాగితం మీద ఇది గోల్ఫ్ నియమానికన్నా మెరుగైనదే. ఎందుకంటే ఇక్కడ జరగాలా వద్దా అన్న నిర్ణయంలో కదిలేవాడికీ మాట ఉంది. ఆ సమ్మతి పెంటల్లో ఎలా అడుగుతున్నారు, ఏ భాషలో వివరిస్తున్నారు, నిరాకరించే వీలు నిజంగా ఉందా అన్నవి క్షేత్రపర్యటనతో తేల్చవలసినవి. ఈ పని సామాజికశాస్త్రాల వారికే వదిలేయకూడదు. సమ్మతిపత్రం భాష తెలుగు శాఖల పరిశోధనాంశమే.

పిల్లలమర్రి

మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. తల్లిమాను ఏదో తెలియనంతగా ఊడలు దిగి, మూడెకరాలకు పైగా పరచుకుంది. దాని నీడలో ఒక దర్గా ఉంది. పక్కన మ్యూజియం ఉంది. చాలాకాలం అది విహారస్థలం. కొమ్మలెక్కేవారు, ఊడలకు ఊగేవారు, బెరడు మీద పేర్లు చెక్కేవారు. చెదలు తొలిచి, 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. తరువాత సందర్శకులను ఆపి, 2018లో చెదలమందును నీటిలో కలిపి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించినట్టు మానుకు బొట్టుబొట్టుగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు దిమ్మెలు కట్టారు. ఊడలు నేలకు దిగేలా గొట్టాలు అమర్చారు.

మన రెండు జిల్లాల్లో స్థలం నిలిచి, ఆడేవాడు జరిగిన సందర్భం నాకు తెలిసినంతలో ఇదే స్పష్టమైనది. జరిగినవాడు పోగొట్టుకున్నది ఊడల ఊయల. మిగిలింది కాస్త దూరంనుంచి చెట్టును చూసే వీలు.